సముద్రంలో మకాం సామగ్రి

సముద్రం అడుగున చేపలకు ఇళ్లు కట్టించే సంస్థ ఒకటి విశాఖపట్నంలో ఉండేది. ఇళ్లంటే మరేం కాదు, నాలుగు పక్కలా కన్నాలున్న కాంక్రీటు దిమ్మలు. వాటిని పడవల్లో తీసుకెళ్లి ఒడ్డుకు దూరంగా వదిలితే, నాచు పట్టి, గుల్లలు అంటుకుని, కొన్నాళ్లకు చేపలొచ్చి కాపురం పెడతాయి. జాలర్ల వేట బాగుపడుతుంది. ఆలోచన మంచిదని అందరూ ఒప్పుకున్నారు. దిమ్మలన్నీ మునిగాయని కాగితాలు కూడా ఒప్పుకున్నాయి. ఒప్పుకోనిది పెదగెడ్డపాలెం జాలర్లు మాత్రమే. మీరు ఇళ్లు కట్టామన్న చోట వల వేస్తే దేనికీ తగలడం లేదు, చేప జాడ లేదు, దయచేసి ఒకసారి కిందికి దిగి చూడండి అని వాళ్లు అర్జీ పెట్టుకున్నారు.

ఆ అర్జీ పై వాళ్ల దాకా వెళ్లి, అంచున ఎర్ర సిరాతో ఒక ప్రశ్న రాయించుకుని తిరిగొచ్చింది. 'ఎవరైనా చూశారా?'

సంస్థ పుట్టిన దగ్గర్నుంచీ ఎవరూ అడగని ప్రశ్న కావడంతో, దానికి ఏ విభాగం జవాబు చెప్పాలో తేలడానికే వేసవి గడిచిపోయింది. చివరికి ఎవరో ఒకరిని కిందికి పంపక తప్పదని తేలింది. నీళ్ల కింద ఊపిరి పీల్చడం తెలిసిన ఉద్యోగి సంస్థ మొత్తం మీద ఒక్కరే ఉన్నారు. ఆమె పొట్నూరు హైమావతి, క్షేత్ర పరిశీలనాధికారిణి.

హైమావతి చదివింది సముద్రపు జీవుల గురించి. ఉద్యోగం చేసింది మాత్రం మూడో అంతస్తులో. కిటికీలోంచి సముద్రం కనిపించేది కానీ, అంతకన్నా దగ్గరికి వెళ్లమని ఉద్యోగం ఆమెను ఎన్నడూ అడగలేదు. కూతురు హాస్టల్‌కు వెళ్లిపోయాక ఆదివారాలు తోచక, రుషికొండలో స్కూబా నేర్పే ఎల్లాజీ దగ్గర చేరింది. మొదటిసారి నీళ్లలో మునిగి, గొట్టంలోంచి గాలి పీల్చి, కళ్లు తెరిచి చూసినప్పుడు, పాతికేళ్ల కిందట పరీక్షల కోసం బట్టీపట్టిన జీవాలన్నీ ఆమె ముందు నుంచి తీరిగ్గా ఈదుకుంటూ వెళుతున్నాయి. ఆమెకు ఏడుపొచ్చింది. ముఖానికి అద్దాలు బిగించి ఉండడంతో తుడుచుకునే వీలు లేక, అలాగే ఏడుస్తూ చూసింది.

అలాంటి మనిషిని ఆఫీసు ఖర్చు మీద సముద్రంలోకి వెళ్లమన్నారు. దిమ్మలు వేసిన చోటు దూరం కనుక, అక్కడే తిని, అక్కడే పడుకుని, రోజూ నీళ్లలోకి దిగే వసతి ఉన్న డైవింగ్ పడవను వారం రోజులకు కుదిర్చారు. హైమావతి ఆ సాయంత్రం ఇంటికి బస్సులో వెళ్లలేదు, బీచి రోడ్డు పొడవునా నడుచుకుంటూ వెళ్లింది.

ఏమేం సర్దుకోవాలో ఎల్లాజీని అడిగింది. అతను పెదగెడ్డపాలెం మనిషే, కొన్నాళ్లు నౌకాదళం డైవర్ల దగ్గర పని చేసి వచ్చాడు.

"పెట్టెలు గట్రా వొద్దు మేడమ్‌గోరు. మెత్తటి గుడ్డ సంచి సాలు, పడుకునే బల్ల కింద దూరాల. రెండు జతలు ఈతబట్టలు, ఒక తువ్వాలు, సాయంకాలం సలిగాలి తగుల్తాది గాబట్టి మందపాటి సొక్కా ఒకటి. డోకులు రాకుండా మాత్రలు. సెప్పులు ఒడ్డునే ఇడిసేయాల, పడవలో అందరం ఉత్తికాళ్లే. ఇంకేటున్నా సముద్రానికి పన్లేదు."

ఆమె అలాగే సర్దుకుంది. ముఖానికి సరిపోయే అద్దాలు మాత్రం సొంతంగా కొనుక్కుని, చొక్కా మడతల మధ్య జాగ్రత్తగా పెట్టుకుంది. భర్త మోహనరావు ఆ సంచిని చూపుడువేలితో ఎత్తి చూసి, మనం తిరుపతి వెళ్లినప్పుడు పులిహోర డబ్బాయే దీనికన్నా బరువుంది కదా అన్నాడు. ఇన్నేళ్ల సంసారంలో ఇంత తేలిగ్గా తాను ఎక్కడికీ బయల్దేరలేదని హైమావతికి అప్పుడే తట్టింది.

టూరు ఫైలు అకౌంట్స్ సూపరింటెండెంట్ పట్టాభి గారి దగ్గర ఆగింది. పట్టాభి చెడ్డవాడు కాడు. ఎవరికీ కీడు తలపెట్టడు. రద్దు కాని నియమాన్ని చూస్తే మాత్రం ఆయనకు దిక్కులేని పసిబిడ్డను చూసినంత జాలి కలుగుతుంది. రాత్రి బస చేయవలసిన అధికారి ఎవరైనా 'మకాం సామగ్రి'తోనే బయల్దేరాలని ఆయన ఒక నియమం వెతికి పట్టుకున్నాడు. అధికారులు గుర్రాల మీద, సామాను ఎడ్లబళ్ల మీద తిరిగిన రోజుల నాటిది అది. ఇనప ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, దోమతెర, లాంతరు, బల్ల, చేతుల కుర్చీ, గొడుగు అందులో ఉన్నాయి.

సముద్రం నడిమధ్యలో దోమలుండవని హైమావతి చెప్పింది.

"ఉండవని ఎవరు ధ్రువీకరించారు?" అన్నాడు పట్టాభి.

"ఎవరూ ధ్రువీకరించలేదండి. ఉండవు, అంతే."

"అమ్మా, చేపల ఇళ్లు కూడా ఉన్నాయి అంతే అనుకున్నాం. ఇవాళ వెళ్లి చూసి రమ్మంటున్నారు. దోమల విషయంలో మళ్లీ అదే పొరపాటు చేయమంటారా?"

సరే, దోమతెర పెట్టండి అంది. ఒక్క దోమతెరతో పోతుందనుకుంది.

విషయం జాయింట్ డైరెక్టర్ దివాకరం గారి దాకా వెళ్లింది. ఆయన దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. 'సామగ్రి సర్దుబాటు సంఘం' అని ఒకదాన్ని వేసి, తానే అధ్యక్షత వహించి, మొదటి సమావేశంలో లేచి నిలబడి మాట్లాడారు.

"ఇది ఒక ఉద్యోగిని ప్రయాణం మాత్రమే కాదు. సంస్థ తన కార్యక్షేత్రంలోకి తొలిసారిగా అవరోహణ చేయుచున్నది. ఈ అవరోహణలో ఎట్టి లోపమూ దొర్లరాదు."

లోపం దొర్లకుండా సంఘం వరసగా సమావేశమైంది. ఈతబట్టలు కార్యాలయ దుస్తుల కిందికి రావని ఒకరు లేవనెత్తారు. సముద్ర గర్భం కార్యక్షేత్రమే కనుక అక్కడ కూడా కార్యాలయ దుస్తులే వర్తిస్తాయని, చీర మీద గుర్తింపు కార్డు స్పష్టంగా కనిపించాలని తీర్మానించారు. హాజరు వేసే యంత్రం ముఖం చూసి గుర్తుపడుతుంది కాబట్టి దాన్ని, దానికి కరెంటు ఇచ్చే బ్యాటరీలను కూడా పంపాలన్నారు. హైమావతి తెచ్చుకున్న అద్దాలు ముఖాన్ని కప్పేస్తాయి గనుక, అవి పెట్టుకున్నంతసేపూ ఆమె గైర్హాజరు కిందే లెక్క అని హాజరు విభాగం తేల్చింది. ఆమె స్థాయి అధికారి పడవ నేల మీద కూర్చోకూడదని కుర్చీకి తోడు కుర్చీ వెనక వేసే తువ్వాలును చేర్చారు. తనిఖీ జరిగే చోట బ్యానర్ ఉండాలన్నారు. నిప్పంటుకుంటే ఆర్పడానికి ఇసుక నింపిన బకెట్లు ఉండాలని అగ్నిమాపక సలహాదారు రాశాడు. చుట్టూ నీళ్లే కదా అని ఎవరో గొణిగితే, ఉప్పునీళ్లు ఆమోదిత పద్ధతి కాదని ఆయన జవాబిచ్చాడు. గొడుగు ఎందుకని హైమావతి అడిగింది. విధి నిర్వహణలో అధికారిణి తడవకుండా చూడడం సంస్థ బాధ్యత అని దివాకరం గారు సెలవిచ్చారు.

అన్నిటికన్నా ఎక్కువసేపు నడిచింది లైఫ్‌జాకెట్ చర్చ. నీటిలో పనిచేసే ఉద్యోగి ఏ పరిస్థితుల్లోనూ లైఫ్‌జాకెట్ విప్పరాదని భద్రతా విభాగం పట్టుబట్టింది. అది మనిషిని మునగనివ్వదని, తన పనే మునగడమని హైమావతి నెమ్మదిగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. రెండూ న్యాయమైన వాదనలేనని సంఘం భావించింది. కాబట్టి ఆమెను మునగనివ్వడానికి నడుముకు బరువులు కట్టాలన్నారు. డైవర్లు వాడే సీసపు బరువులు ఆమోదిత వస్తువుల్లో లేవు. అందుకని తూనికల శాఖ ముద్ర ఉన్న కాటారాళ్లు తెప్పించారు. జాకెట్టు పైకి లాగుతుంది, రాళ్లు కిందికి లాగుతాయి, 'తత్ఫలితముగా అధికారిణి ఉద్దేశిత లోతున నిలకడగా నుండగలరు' అని తీర్మానంలో రాసుకున్నారు.

ఆ తర్వాత హైమావతి దేనికీ ఎదురు చెప్పలేదు. ఒక్కొక్క వస్తువుకూ తలాడించింది. ఒడ్డు దాటితే చాలు, ఇవన్నీ పడవలో ఓ మూల పడేసి తన సంచి విప్పుకోవచ్చని ఆమె ఆశ. ఇంటికొచ్చి మాత్రం ఆ సంచిని తీసి, అద్దాలు ఉన్నాయో లేదో చూసుకుని, మళ్లీ చొక్కాలో చుట్టి పెట్టుకునేది.

బయల్దేరే రోజు జెట్టీ దగ్గరికి సామాను లారీలో వచ్చింది. కూలీలు ఎక్కిస్తూనే ఉన్నారు, పడవ దిగుతూనే ఉంది. నీటి మట్టం పడవకు వేసిన గీత దాటబోతుండగా పడవ నడిపే సరంగు ఆపేశాడు. ఇక ఒక్క బస్తా ఎక్కినా పడవ కదలదని, బరువు దించమని చెప్పి బీడీ ముట్టించుకున్నాడు.

సంఘం జెట్టీ మీదే సమావేశమైంది. ఏది దించాలన్నా దానికి తీర్మానం ఉంది. ట్రంకుపెట్టెకు నియమం ఉంది, బకెట్లకు సలహా ఉంది, కాటారాళ్లకు ముద్ర ఉంది. ఇంత సామానుకు బాధ్యుడు ఉండాలి గనుక పట్టాభికి 'సామగ్రి సంరక్షకుడు'గా ఉత్తర్వు ఉంది. అన్నీ సరిచూశాక, పడవ మీద ఏ తీర్మానంలోనూ చేరని బరువు ఒక్కటే తేలింది. ఆ బరువు గుడ్డ సంచి చంకకు తగిలించుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, అప్పటికే పడవలో నిలబడి ఉంది.

"మిమ్మల్ని తీసేస్తున్నామనుకోకండి. సర్దుబాటు చేస్తున్నాం," అన్నారు దివాకరం గారు.

"నేను లేకుండా ఎవరు చూస్తారు సార్?"

ఆ ప్రశ్నకు పట్టాభి పడవలోంచే నియమం చెప్పాడు. మకాం సామగ్రి ఎక్కడ దిగితే అధికారి అక్కడ మకాం చేసినట్టే పరిగణించవలెను. బళ్లు ముందు వెళ్లి, దొరలు వెనక వచ్చే కాలంలో రాసిన మాట అది. దివాకరం గారి ముఖం విప్పారింది. హైమావతి జెట్టీ మీదికి దిగింది. మునిగేవాళ్లు లేనప్పుడు తానెందుకని, ఆమెకు తోడుగా మునగడానికి వచ్చిన ఎల్లాజీ కూడా దిగిపోయాడు. పడవ కూత వేసి కదిలింది. చేతుల కుర్చీలో తువ్వాలు మీద కూర్చుని, గొడుగు పట్టుకుని, పట్టాభి నెమ్మదిగా చిన్నవాడైపోయాడు.

మర్నాడు ఆమె మామూలుగా ఆఫీసుకు వెళ్లింది. కుర్చీలో కూర్చోబోతుంటే దివాకరం గారు పిలిపించారు.

"మీరిక్కడ ఉండడం నిబంధనలకు విరుద్ధం. రికార్డు ప్రకారం మీరు సముద్రంలో ఉన్నారు. ఇక్కడ ఒక గ్లాసు మంచినీళ్లు తాగినా ఏకకాలంలో రెండు చోట్ల ఉన్నట్టవుతుంది."

"మరి నేనెక్కడ ఉండాలి సార్?"

"ఎక్కడ ఉన్నారో అక్కడే ఉండండి," అన్నారు ఆయన.

హైమావతి కోపంగా మెట్లు దిగింది. వీధిలోకి వచ్చేదాకా ఆ మాటలు చెవుల్లో మోగుతూనే ఉన్నాయి. బస్టాపు దగ్గర నిలబడి వాటినే మళ్లీ ఒకసారి అనుకుంది. వారం రోజులు సముద్రంలో ఉండమని జాయింట్ డైరెక్టర్ గారు స్వయంగా చెప్పారు. తన సర్వీసులో ఇంత స్పష్టమైన ఆదేశం ఎప్పుడూ రాలేదు. ఆమె ఇంటికెళ్లి సంచి తీసుకుని, ఎల్లాజీకి ఫోన్ చేసింది.

ఎల్లాజీ బావమరిది తాతారావుకు వేట బోటు ఉంది. వాళ్లు ఎలాగూ రోజుల తరబడి సముద్రం మీదే ఉంటారు. మేడమ్‌కు తోడుగా ఎల్లాజీ భార్య నూకాలు వచ్చింది. గాలి సిలిండర్లు ఎల్లాజీ బడిలోవి. హైమావతి సంచి బోటులో పడుకునే బల్ల కింద ఇట్టే దూరిపోయింది. చెప్పులు ఒడ్డునే ఉండిపోయాయి. ఒక మధ్యాహ్నం దూరంగా సంస్థ పడవ లంగరు వేసుకుని కనిపించింది. బ్యానర్ గాలికి రెపరెపలాడుతోంది. అంచు పట్టుకుని వంగిన మనిషి ఒకరు కనిపించారు గానీ, ఆయన సముద్రాన్ని పరిశీలిస్తున్నట్టు లేదు.

దిమ్మలున్నాయన్న చోట ఎల్లాజీ, హైమావతి దిగారు. లోతుకు వెళ్లే కొద్దీ ఎండ పచ్చబడి, తర్వాత నీలమైంది. అడుగున ఇసుక ఊడ్చిన వాకిలిలా చదునుగా ఉంది. ఈ చివరి నుంచి ఆ చివరికి ఈదారు. ఇసుక. మర్నాడు రెండో చోట దిగారు. అక్కడా ఇసుకే. లేవని వినడం ఒక రకం. లేకపోవడాన్ని కళ్లెదురుగా ఇంత దూరం పరుచుకుని ఉండగా చూడడం వేరు. హైమావతికి నోట్లోని గొట్టం చేదనిపించింది.

మూడో చోట ఎల్లాజీ చెయ్యి తట్టి చూపించాడు. ఇసుక మధ్యలో ఒంటరిగా ఒక్క దిమ్మ నిలబడి ఉంది. దాని ముందు వైపు నల్లరాతి ఫలకం, దాని మీద బంగారు రంగు అక్షరాలు. ప్రారంభించినవారు, అధ్యక్షత వహించినవారు, విశిష్ట అతిథులు, ఆత్మీయ అతిథులు, అందరికన్నా కింద 'పర్యవేక్షణ: శ్రీ దివాకరం గారు'. దిమ్మ కన్నంలోంచి మచ్చల చేప ఒకటి తల బయటపెట్టి, అద్దెకున్నవాళ్లు ఇంటివాళ్లను చూసినట్టు వాళ్లను చూసి, లోపలికి పోయింది.

పైకి వచ్చాక తాతారావు అన్నం వడ్డించుకుంటూ కింద ఏముందని అడిగాడు. ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అతను కోప్పడలేదు. వేట లేక పాలెం కుర్రాళ్లు గుజరాత్ బోట్ల మీదికి కూలికి పోతున్న సంగతి చెప్పి, "మరి మాకేటి మేడమ్‌గోరు?" అని మాత్రం అడిగాడు.

ఆమె అన్నం ముందు పెట్టుకుని, అన్ని దిమ్మల్లోనూ ఆ ఒక్కటే ఎలా దిగిందని ఆలోచిస్తూ కూర్చుంది. రాతి మీద పేరున్న ప్రతివాడూ అది నీళ్లలో పడేదాకా కదలకుండా నిలబడి చూసి ఉంటాడు. మిగతావాటి మీద ఎవరి పేరూ లేదు.

వారం తర్వాత ఆమె నివేదిక ఇచ్చింది. మీరు పడవలో లేరు కదా అని ఎవరూ అడగలేదు. రికార్డు ప్రకారం ఆమె పడవలోనే ఉంది. పట్టాభి కూడా ఒక నివేదిక ఇచ్చాడు. సామగ్రి క్షేమమని, దోమలు కనిపించలేదని, అయితే తాను పైకి తల ఎత్తగలిగింది తక్కువ కనుక ఈ రెండో అంశం నిర్ధారణ కావలసి ఉందని రాశాడు. మనిషి సగమయ్యాడు. ఆ తర్వాత మకాం సామగ్రిని జెట్టీ గోదాములోనే శాశ్వతంగా మకాం చేయించమని ఆయనే సిఫార్సు చేశాడు.

దివాకరం గారు హైమావతి నివేదికను రెండుసార్లు చదివారు.

"ఫలకం నిలబడే ఉందా?"

"ఉంది సార్."

"పేర్లు చదవడానికి వీలుగా ఉన్నాయా?"

"ఉన్నాయి సార్. మీది కూడా."

"చేప ఉందన్నారు."

"ఒకటుంది. మిగతా దిమ్మలే లేవు."

లేని దిమ్మల గురించి మాట్లాడడం పరిశీలనాంశాల్లో లేదని ఆయన గుర్తుచేశారు. ఇలా అంటారని ఆమెకు తెలుసు. అవి ఎవరి జేబులో మునిగాయో ఆయనకు తెలుసో తెలియదో ఆ ముఖం చూసి చెప్పలేకపోయింది. తెలిసినా తెలియకపోయినా ఆ ముఖం అలాగే ఉంటుంది. ఆమె బోటులో అనుకున్న మాట చెప్పింది.

"చేప ఫలకాన్నే ఆశ్రయించింది సార్. రెండో విడతలో ప్రతి దిమ్మకూ ఒక పెద్ద మనిషి పేరు చెక్కిస్తే బాగుంటుంది. ఒక్కొక్కరికి ఒక్కొక్క దిమ్మ."

దివాకరం గారు కాసేపు కిటికీలోంచి సముద్రాన్ని చూశారు. అది ఎంత పెద్దదో ఆయన మొదటిసారి గమనించినట్టున్నారు.

ఆ తర్వాత పని ఎవరూ ఆపలేని వేగంతో సాగింది. దిమ్మలకు పేర్లు చాలక కాదు, పేర్లకు దిమ్మలు చాలక గొడవైంది. పదవిలో ఉన్నవాళ్లు, దిగిపోయినవాళ్లు, ఎక్కబోయేవాళ్లు వచ్చారు. తన పేరు ఎదుటివాడి కన్నా లోతున ఉందని ఒకాయన అలిగాడు. తన దిమ్మ సన్నగా ఉందని ఒకాయన టేపు తెచ్చి కొలిపించాడు. కాంట్రాక్టరు ఒక్క దిమ్మ ఎగ్గొట్టలేకపోయాడు, ఎందుకంటే ప్రతి దిమ్మకూ ఒక కాపలాదారు ఉన్నాడు. పేరు నీళ్లలో పడేదాకా పడవ కదలనివ్వలేదు. పడ్డాక అడుగున ఫోటో తీసి పంపమన్నారు. ఆ ఫోటోల కోసం హైమావతి తన గుడ్డ సంచి తీసుకుని వెళ్లని వారం లేదు. రెండేళ్లకు తాతారావు వల బరువుగా లేవడం మొదలైంది. గుజరాత్ వెళ్లిన వాళ్లలో కొందరు తిరిగొచ్చారని నూకాలు చెప్పింది.

అప్పుడొచ్చింది చిక్కు. డైరెక్టరుగా ప్రమోషన్ పొందిన దివాకరం గారు ఒక ఫోటోలో తన పేరు చివరి అక్షరాలు కనిపించడం లేదని గమనించారు. గుల్లలు పట్టాయి. విచారిస్తే అందరి పేర్లకూ పడుతున్నాయని తెలిసింది. 'నామ పరిరక్షణ' పేరిట ఉత్తర్వు వెలువడింది. ఫలకాలపై అతుక్కున్న సమస్త జీవజాలాన్ని ఇనప తీగల బ్రష్‌తో నెలనెలా గీకి శుభ్రపరచవలెను. బాధ్యురాలు, పొట్నూరు హైమావతి.

ఆమె బ్రష్ నడుముకు కట్టుకుని దిగింది. ఆ రోజు నీరు ఎంత తేటగా ఉందంటే దిమ్మల వరస ఆ కొస దాకా కనిపిస్తోంది. దివాకరం గారి దిమ్మ దగ్గర ఆగింది. పేరు దాదాపు పోయింది. గుల్లలు, నాచు, ఎర్రటి మెత్తటి పూలలాంటివేవో దాన్ని కప్పేశాయి. గోరంత చేపలు వాటి మధ్య దూరి ఏవో కొరుక్కుంటున్నాయి. ఆమె బ్రష్ తీసింది. చేపలు కన్నాల్లోకి పారిపోయాయి. కదలకుండా చూస్తూ ఉంటే, కాసేపటికి ఒక్కొక్కటే మళ్లీ బయటికొచ్చాయి. ఒకటి బ్రష్ దగ్గరికి కూడా వచ్చి, తీగల్ని పొడిచి చూసింది.

సిలిండరులో గాలి అయిపోవచ్చేదాకా ఆమె అక్కడే ఉంది. తర్వాత పైకొచ్చి, బోటులో కూర్చుని, తల తుడుచుకుని నివేదిక రాసింది. 'అక్షరములన్నియు స్పష్టముగా నున్నవి. నీరు మిక్కిలి మసకగా నున్నందున ఫోటో తీయుటకు వీలుపడలేదు.'